ఆర్కిటెక్టుల సంఘం అంటే ఏంది? పురానాపూల్ కాడికెళ్లి ఒక లెక్క

డాక్టర్ల సంఘం తెలుసు, వకీళ్ల సంఘం తెలుసు, టీచర్ల యూనియన్లు తెలుసు. గని ఆర్కిటెక్టులకు గూడ ఒక సంఘం ఉన్నదని, దానికి నూరేండ్లు దాటినయని, దాని ఓట్లతోని ఢిల్లీల ఒక చట్టబద్ధమైన కౌన్సిల్ల మనుషులు కూసుంటరని ఊర్లల్ల ఎంతమందికి ఎరుక? ఇల్లు కట్టుకునేది మనం, కట్టేది మనోళ్లు, కట్టిన ఇల్లు కూలితే సచ్చేది మనం. గందుకే ఈ సంఘం ముచ్చట మనకు తెల్వాలె. నేను కాలేజీల చదివి ఇది రాస్తలేను. చట్టం కాయితాలు ముందటేసుకొని, ఒక్కో సెక్షను తిప్పుకుంట నేర్చుకున్నదే రాస్తున్న.

ముందుగాల పురానాపూల్ ముచ్చట

పాతబస్తీల మూసీ మీద పురానాపూల్ 1578ల కట్టిన్రు. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాద్ పట్నమే లేదు. గోల్కొండను ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుతున్నడు. ఇరవై రెండు కమాన్ల రాతి వంతెన అది. భాగమతి కోసం కట్టిన్రు అన్నది జనం చెప్పుకునే కథ. గోల్కొండకెళ్లి నది దాటి అవతలి గడ్డకు, మచిలీపట్నం దిక్కు పొయ్యే తొవ్వకు వంతెన కావాలన్నది మాత్రం కండ్లకు కనవడే అవసరం. చిత్రం ఏందంటే, ప్యారిస్‌ల పోం నఫ్ అనే పెద్ద వంతెన పని షురూ అయింది గూడ గదే 1578ల. తర్వాత ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే, పురానాపూల్‌ను సూసి దానితోనే పోల్చి రాసిండు.

1820ల వరదకు ఈ వంతెన దెబ్బతిన్నది, సికందర్ జా కాలంల బాగుచేసిన్రు. 1908 సెప్టెంబర్ 28 నాడు మూసీ పొంగి వేల మందిని మింగింది. అప్పుడు గూడ దెబ్బతిన్నది గని కొట్టుకపోలేదు. వంతెన పక్కన ఉన్న దర్వాజా ఇంకో గుర్తు. పాత పట్నం చుట్టు గోడకు పదమూడు దర్వాజాలు ఉండె. ఇప్పుడు మిగిలినయి రెండే: ఒకటి దబీర్‌పురాది, ఒకటి ఈ పురానాపూల్ది.

ఇగ అసలు ప్రశ్న. ఈ వంతెనకు గీత గీసింది ఎవలు? రాయి కొట్టింది ఎవలు? డంగు సున్నం తొక్కింది ఎవలు? రాజు పేరు దొరుకుతది గని వాళ్ల పేర్లు దొరకయి. పట్నం నక్ష వేసినాయన మీర్ మోమిన్ అస్త్రాబాదీ అని చరిత్ర చెప్తది, ఎందుకంటే ఆయన పీష్వా, దర్బారుల పెద్ద. హైకోర్టు, ఉస్మానియా దవాఖాన అంటే విన్సెంట్ ఎష్ పేరు చెప్తరు. ఆర్ట్స్ కాలేజీ అంటే బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ పేరు, ఆయనతోని పనిజేసిన జైన్ యార్ జంగ్ పేరు చెప్తరు. 1939ల షురూ అయిన ఆ కాలేజీ గ్రానైటు మీద ఉలి దెబ్బలు ఇయ్యాల్టికి కనవడతయి, ఆ ఉలి పట్టినోడు మాత్రం కనవడడు. గీత గీసినోనికి పేరు, రాయి మోసినోనికి కూలి అన్నది పాత పద్ధతి. సంఘం అనేది ఈ పద్ధతిని మారుస్తదా, ఇంకింత గట్టి చేస్తదా అన్నదే నేను చూసే లెక్క.

సంఘం ఎట్ల పుట్టింది?

బొంబాయిల జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ ఉన్నది. అక్కడ చదివిన పాత విద్యార్థులు 1917 మే 12 నాడు ఒక చిన్న సంఘం పెట్టుకున్నరు. పేరు ఆర్కిటెక్చరల్ స్టూడెంట్స్ అసోసియేషన్. మొదటి అధ్యక్షుడు జార్జ్ విటెట్. బొంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా గీసింది ఆయనే. 1922ల అదే బాంబే ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ అయింది. 1929ల ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ అని పేరు మారి దేశం సంఘం అయింది. దీన్నే పొట్టిగ ఐఐఏ అంటరు. ఆఫీసు ఇప్పటికీ ముంబైలనే.

గుర్తుపెట్టుకోన్రి: ఇది సర్కారు పెట్టింది కాదు. పాత విద్యార్థులు, చదువు అయిపోయినంక ఒక్కతాన కూడి పెట్టుకున్న సంఘం. మన ఊర్లల్ల యువజన సంఘాలు ఎట్ల పుడతయో గిది గూడ గట్లనే పుట్టింది.

రాష్ట్రానికి ఒక శాఖ ఉంటది, దాన్ని చాప్టర్ అంటరు. ఉమ్మడి రాష్ట్రంల ఆంధ్రప్రదేశ్ చాప్టర్ ఉండె, తెలంగాణ వచ్చినంక తెలంగాణ చాప్టర్ వేరుగ ఉన్నది. చాప్టర్‌కు చైర్మన్, వైస్ చైర్మన్, కార్యదర్శులు, కోశాధికారి, కార్యవర్గం ఉంటరు. సభ్యుల ఓటుతోని ఎన్నికయితరు. మీది ముంబైల జాతీయ కౌన్సిల్, అధ్యక్షుడు ఉంటరు.

చేసే పనులు ఏందంటే: ఉపన్యాసాలు, సదస్సులు, పోటీలు, అవార్డులు, సభ్యుల కోసం పత్రిక, చదువుకునే పిల్లలకు వర్క్‌షాపులు. బిల్డింగ్ రూల్సు మారేటప్పుడు సర్కారుకు సలహాలు, అర్జీలు ఇచ్చుడు. వాళ్ల ఫీజులు, వాళ్ల పేరు, వాళ్ల హక్కులు కాపాడుకునుడు. ఏ కులవృత్తి సంఘమైనా, ఏ ఉద్యోగ సంఘమైనా చేసేది గిదే. అందుల తప్పు లేదు. గని అంతటితోనే ఆగితే మాత్రం జనానికి పనికిరాదు.

సంఘం వేరు, కౌన్సిల్ వేరు

చానమంది ఇక్కడనే తికమక పడతరు. జెర నిదానంగ చదువున్రి.

ఐఐఏ అనేది సంఘం. ఇష్టముంటే చేరతరు, లేకుంటే లేదు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అనేది చట్టం పెట్టిన సంస్థ. ఆర్కిటెక్ట్స్ యాక్ట్, 1972 అని పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని కింద పుట్టింది ఈ కౌన్సిల్. డాక్టర్లకు మెడికల్ కమిషన్, వకీళ్లకు బార్ కౌన్సిల్ ఎట్లనో, వీళ్లకు గిది గట్ల. ఇందుల పేరు నమోదు అయితేనే "ఆర్కిటెక్ట్" అని బోర్డు పెట్టుకోవాలె.

మరి రెంటికీ లంకె ఏంది? చట్టంల మూడో సెక్షను చదివితే తెలుస్తది. కౌన్సిల్ల ఎవలెవలు ఉండాలో అండ్ల రాసిన్రు. ఐఐఏ తన సభ్యులల్లకెళ్లి ఐదుగురిని ఎన్నుకొని పంపాలె. ఆర్కిటెక్చర్ కాలేజీల పెద్దలు తమల్లకెళ్లి ఐదుగురిని ఎన్నుకోవాలె. ఒక్కో రాష్ట్ర సర్కారు ఒక్కో ఆర్కిటెక్టును నామినేట్ చెయ్యాలె. రైల్వే, రక్షణ శాఖల చీఫ్ ఆర్కిటెక్టులు ఉంటరు. ఇంజినీర్ల సంస్థకెళ్లి ఇద్దరు, సర్వేయర్ల సంస్థకెళ్లి ఒకలు ఉంటరు.

చూసిన్రా? ఒక ప్రైవేటు సంఘానికి దేశ చట్టంల ఐదు కుర్చీలు రాసిచ్చిన్రు. అందుకే ఈ సంఘం నాయకత్వం వాళ్ల ఇంటి ముచ్చట కాదు, ప్రజల ముచ్చట. ఇంకోటి గూడ చూడున్రి: అంత పెద్ద జాబితాల సుతారి మేస్త్రి లేడు, రాయి కొట్టే వడ్డెరోళ్లు లేరు, ఇల్లు కట్టుకునే మామూలు మనిషి లేడు.

ఆర్కిటెక్ట్ అని ఎవలు అనుకోవచ్చు?

37వ సెక్షను ఏం చెప్తదంటే, కౌన్సిల్ల నమోదు కానోడు "ఆర్కిటెక్ట్" అన్న బిరుదు వాడొద్దు. మొదటిసారి దొరికితే 500 రూపాయల దాకా జుర్మానా, మల్ల దొరికితే ఆరు నెలల దాకా జైలు గాని, 1,000 రూపాయల దాకా జుర్మానా గాని, రెండూ గాని. 1972ల రాసిన లెక్క ఇది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకు, ఓడలు గీసే నేవల్ ఆర్కిటెక్టుకు ఈ అడ్డం లేదు.

2020 మార్చిల సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. నోయిడాల ఒక ఉద్యోగం పేరు మీద లొల్లి అది. కోర్టు ఏమన్నదంటే: ఈ చట్టం కాపలా కాసేది బిరుదుకే, పనికి కాదు. నమోదు కానోడు గూడ ఇంటి నక్ష గీయొచ్చు, కట్టియ్యొచ్చు. గని "ఆర్కిటెక్ట్" అని మాత్రం పిలిపించుకోవద్దు, ఉద్యోగం పేరుల గూడ ఆ మాట పెట్టొద్దు.

ఈ తీర్పు మీద నాకు రెండు మాటలు ఉన్నయి. మొదటిది, ఇది మనోళ్ల పొట్టకొట్టలేదు. ముప్పై ఏండ్లు ఇండ్లు కట్టిన సుతారిని, డిప్లొమా చదివిన పోరణ్ని "నువ్వు గీతే గీయొద్దు" అనలేదు. అది మంచిదే. రెండోది, ఇండ్ల మోసం గూడ ఉన్నది. మండల కేంద్రాలల్ల సందుకొక బోర్డు వెలిసింది. కంప్యూటర్ల నాలుగు రంగుల బొమ్మ చూపెట్టి, ముందటి గోడకు అద్దాలు పెట్టి, వేలకు వేలు గుంజుతరు. పిల్లరు ఎంత లోతు పొయ్యాలె, నల్లరేగడి భూమిల పునాది ఎట్ల వెయ్యాలె అంటే మొఖాలు చూసుకుంటరు. నాకు ఎరుకైన ఒక కుటుంబం గట్లనే ఒక బోర్డు నమ్మి, స్లాబు ఏసిన ఏడాదికే గోడలు పగిలి, మల్ల అప్పు చేసింది. పట్టా ఉన్నదా అని అడగడం వాళ్లకు తోచలే, ఎందుకంటే గది అడగొచ్చని వాళ్లకు చెప్పినోడు లేడు.

అందుకే యాదికుంచుకోన్రి: నమోదైన ఆర్కిటెక్టుకు సీఏ అనే అక్షరాలతోని షురూ అయ్యే నంబరు ఉంటది. అది నక్ష మీద, ముద్ర మీద కనవడాలె. కౌన్సిల్ వెబ్‌సైటుల ఆ పేరు కొట్టి చూడొచ్చు. ఫోను చేతుల ఉన్నోడు రెండు నిమిషాలల్ల చూసే పని. నమోదైనోడు గూడ తప్పు చేస్తే? 30వ సెక్షను కింద కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయొచ్చు. వాళ్లకు 1989ల చేసిన వృత్తి నియమాలు ఉన్నయి. విచారణల తప్పు తేలితే హెచ్చరించొచ్చు, పనికెళ్లి ఆపొచ్చు, పేరే తీసెయ్యొచ్చు.

నాయకత్వాన్ని ఎట్ల కొలవాలె?

సంఘం ఏ పెద్ద హోటల్ల సభ పెట్టింది, ఎవలికి శాలువా కప్పింది అన్నది నాకు లెక్క కాదు. పట్నంల ఒక పాత కట్టడం కూలగొడుతున్నరంటే ఎవలు ముందటికి వచ్చిన్రు అన్నది లెక్క.

హైదరాబాద్‌ల పాత కట్టడాలకు ఒక కాపలా ఉండె. హుడా జోనింగ్ రూల్సుల 13వ నిబంధన అంటరు. దాని కింద వారసత్వ కట్టడాల జాబితా ఉండె, వాటిని ఇష్టమొచ్చినట్టు కూలగొట్టొద్దు. 2015 డిసెంబర్ల జీవో 183తోని ఆ నిబంధనను తీసేసిన్రు. తర్వాత 2017ల తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019ల ఎర్రమంజిల్ ప్యాలెస్ కూలగొట్టి కొత్త అసెంబ్లీ కడతమన్నరు. జనం హైకోర్టుకు పోయిన్రు. సెప్టెంబర్ 16 నాడు హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఉస్మానియా దవాఖానను 2015ల కూలగొడతమన్నప్పుడు, కట్టడం ఇంక గట్టిగనే ఉన్నది, మరమ్మతు చెయ్యొచ్చని ఇంటాక్ అనే సంస్థ పరిశీలించి చెప్పింది. ఇంటాక్ 1984ల పుట్టింది, అది ఆర్కిటెక్టుల సంఘం కాదు. అండ్ల ఆర్కిటెక్టులు ఉంటరు, చరిత్ర తెలిసినోళ్లు ఉంటరు, మామూలు పట్నపోళ్లు గూడ ఉంటరు.

దీంట్ల పాఠం ఏందంటే, కట్టడాన్ని కాపాడాలంటే రెండు కావాలె: ఒకటి జనం గొంతు, రెండు "ఇది నిలుస్తది, గిట్ల బాగుచెయ్యొచ్చు" అని సంతకం పెట్టే చదువు. గొంతు మన తాన ఉన్నది. సంతకం వాళ్ల తాన ఉన్నది. సర్కారు పనులు చేసే ఆర్కిటెక్టు సర్కారుకు ఎదురు మాట్లాడాలంటే భయపడతడు, రేపు పని రాదేమోనని. ఒక్కడు మాట్లాడితే ఒక్కడి మీద పడతరు. అందరి తరఫున సంఘం మాట్లాడితే ఎవలి మీద పడతరు? సంఘం పెట్టుకునేదే గందుకు గదా!

మూసీ మీద ఇయ్యాల్టి లొల్లి

ఇప్పుడు మల్ల పురానాపూల్ కాడికి రావాలె. మూసీ సుందరీకరణ అని సర్కారు పెద్ద ప్రాజెక్టు పెట్టింది. 2024ల మూసీ ఒడ్డున ఇండ్ల మీద ఎర్ర రంగుతోని ఆర్‌బీ-ఎక్స్ అని రాసిన్రు. ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నది గర్భం అన్నట్టు. రేకుల ఇండ్లు, స్లాబు ఇండ్లు, ఇరవై ముప్పై ఏండ్లకెళ్లి పన్ను కట్టుకుంట బతికిన ఇండ్లు. కొందరికి డబుల్ బెడ్రూం ఇండ్లు ఇచ్చిన్రు. కొందరు "మా కొలువులు, మా పిల్లల బళ్లు ఇక్కడనే ఉన్నయి, మేము ఏడికి పోవాలె" అని కూసున్నరు.

నది బాగుపడొద్దని నేను అంటలేను. 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సలహా మీద పైన రెండు చెరువులు కట్టిన్రు: 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్. 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి బస్తీలు తీర్చిదిద్దిన్రు. అంటే ఈ పట్నం ఒకపారి వరద తర్వాత కొత్తగ ఆలోచించింది. ఇప్పుడు గూడ ఆలోచించాలె.

గని ఆలోచించేటప్పుడు గీత గీసేటోళ్లు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నయి. నది హద్దు ఏ నక్ష ప్రకారం పెట్టిన్రు? ఆ నక్ష బస్తీలల్ల అందరికి కనవడేటట్టు, తెలుగుల, ఉర్దూల అంటించిన్రా? ఇండ్లు కదిలించకుండ వరద ఆపే తొవ్వ ఏమన్న ఉన్నదా? కదిలించాల్సి వస్తే దగ్గర్ల ఎన్ని ఇండ్లు కట్టొచ్చు? పురానాపూల్ మీద కూరగాయలు అమ్ముకునే ఆడోళ్ల గంపలకు కొత్త బొమ్మల జాగ ఎక్కడ? సుందరం అయినంక ఆ ఒడ్డున ఎవలు నడుస్తరు, ఎవలిని వాచ్‌మన్ ఆపుతడు?

ఈ ప్రశ్నలు నేను అడిగితే రాజకీయం అంటరు. నక్ష చదవొచ్చినోళ్ల సంఘం లెటర్‌ప్యాడు మీద రాసి అడిగితే జవాబు చెప్పక తప్పది. తెలంగాణల ఆర్కిటెక్టులకు నాయకత్వం వహించేటోళ్ల ముందట నేను పెట్టే కోరిక గిదే: బస్తీల ఒక బల్ల ఏసుకొని కూసోన్రి. నక్షను జనానికి అర్థమయ్యే మాటల చెప్పున్రి. వాళ్ల మాటను నక్షల పెట్టి సర్కారుకు ఇయ్యున్రి. పైసలు లేని ఖైదీకి వకీలును పెట్టే ఏర్పాటు చట్టంల ఉన్నది. ఇల్లు పొయ్యేటోనికి నక్ష చదివి చెప్పే మనిషిని పెట్టే ఏర్పాటు ఎందుకుండొద్దు?

మన ఊర్లకు దీంతోని ఏం పని?

మస్తు పని ఉన్నది. మున్సిపాలిటీల 75 గజాల దాకా జాగల చిన్న ఇల్లు కడితే పర్మిషన్ అక్కర లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు అని 2020ల టీఎస్-బీపాస్ చట్టం తెచ్చిన్రు. పేదోనికి ఆఫీసుల చుట్టు తిరుగుడు తగ్గింది, మంచిదే. గని పర్మిషన్ అక్కర లేదంటే, ఆ ఇంటి నక్షను చదువుకున్నోడు ఎవలూ చూడరు అని గూడ అర్థం. ఇందిరమ్మ ఇల్లు చూడున్రి. ఐదు లక్షలు ఇస్తరు, 400 చదరపు అడుగులకు తక్కువ కట్టొద్దు. ఆ 400 అడుగులల్ల గాలి ఏ దిక్కుకెళ్లి రావాలె, వంటిల్లు పొగ ఎటు పోవాలె, ముసలమ్మ బాత్రూంకు ఎన్ని మెట్లు ఎక్కాలె అని ఆలోచించేది ఎవలు? ధనవంతుని ఐదు వేల అడుగుల ఇంటికి నలుగురు గీస్తరు. చిన్న ఇంటికే పెద్ద తెలివి కావాలె, ఎందుకంటే అండ్ల తప్పుకు జాగ లేదు.

ఇగ మన సుతారోళ్లు. పాలమూరు కూలీలు లేంది హైదరాబాద్ లేదు. ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఎట్లనో, కట్టడం కూలీలకు 2025 దాకా 1996 చట్టం ఉండె. కట్టే ఖర్చుల ఒక శాతం సెస్సు వసూలు చేసి, ఆ పైసలు కార్మికుల సంక్షేమ బోర్డుకు పోవాలె. 18 నుంచి 60 ఏండ్లున్నోడు, ఏడాదిల 90 రోజులు ఈ పని చేసినోడు లేబర్ కార్డు తీసుకోవచ్చు. సైటు మీద మొదటి మాట చెల్లేది ఆర్కిటెక్టుదే. "కార్డు లేని కూలీ నా సైటు మీద ఉండొద్దు, కార్డు మీరే ఇప్పియ్యాలె" అని ఆయన కాంట్రాక్టరుకు ఒక్క ముక్క చెప్తే ఎంత పని అయితదో చూడున్రి. అవార్డు ఇచ్చేటప్పుడు ఆ కట్టడం మేస్త్రి పేరు గూడ రాయిరని సంఘం నియమం పెట్టుకుంటే ఏం పోతది? కుతుబ్ షాహీ సమాధులను 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు బాగుచేపిచ్చిన్రు. సిమెంటు తీసేసి మల్ల సున్నం పట్టిచ్చిన్రు. ఆ పని చేతులల్ల ఉన్నోళ్లు సుతారులే. పుస్తకంల దొరకని ఇల్మ్ వాళ్ల తాన ఉన్నది.

పిల్లలు ఈ దిక్కు రావాలంటే

ఊరి పిల్లలు ఇంజినీరింగ్ అంటరు, ఫార్మసీ అంటరు, ఆర్కిటెక్చర్ అనరు. తెల్వక. ఇది ఐదేండ్ల బీఆర్క్ చదువు. ఇంటర్ల మ్యాథ్స్ ఉండాలె, మ్యాథ్స్ ఉన్న మూడేండ్ల డిప్లొమా అయినా నడుస్తది. నాటా అనే పరీక్షను కౌన్సిలే పెడతది. జేఈఈ మెయిన్ల రెండో పేపరు ఇంకో తొవ్వ. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ కాడ జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నది, 2008ల యూనివర్సిటీ అయింది. గదే ఏడు కేంద్రం విజయవాడల స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ పెట్టింది. చదువుకునే పిల్లలకు 1957 నుంచి నాసా అనే సొంత సంఘం ఉన్నది. మీది సంఘాలు నడిపే నేర్పు అక్కడికెళ్లే వస్తది.

సుతారి బిడ్డ ఆర్కిటెక్ట్ అయితే ఏమైతది? నక్ష మీద గీసిన గీతకు కింద ఎంత బరువు మొయ్యాల్నో తల్లి తలకాయ మీది తట్టను చూసి తెలిసిన మనిషి ఆ కుర్చీల కూసుంటది. ఐఐఏ ఎన్నికల ఓటేసేటోళ్లల్ల, పోటీ చేసేటోళ్లల్ల గట్లాంటోళ్లు పెరిగితేనే సంఘం మాట మారుతది. బయట ఉండి తిట్టుడు సులువు, నేను గూడ గదే చేస్తున్న. లోపలికి పోయి ఓటేసుడు మీ వల్లనే అయితది.

అందాక మూడు పనులు చెయ్యున్రి. ఊర్ల ఎవలన్న ఇల్లు మొదలువెడుతుంటే, గీసినోని సీఏ నంబరు అడగమని చెప్పున్రి. అది లేకుంటే ఆ మనిషి ఏం చదివిండు, ఇంతకు ముందు ఏ ఇండ్లు కట్టిండు అని ఆ ఇండ్లకు పోయి అడగమనున్రి. మీ ఇంట్ల, మీ వాడల సుతారి పనికి పొయ్యేటోళ్లకు లేబర్ కార్డు ఉన్నదా చూడున్రి, లేకుంటే మీ సేవకు తోలుకపోన్రి. తొమ్మిది, పది చదివే పిల్లలల్ల బొమ్మలు మంచిగ గీసెటోళ్లు, లెక్కలు వచ్చినోళ్లు కనవడితే బీఆర్క్ అనే చదువు ఒకటి ఉన్నదని వాళ్ల అయ్యకు అవ్వకు చెప్పున్రి.